ఆ ఆకుపచ్చ కోటు సంగతి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోటీలో మూడో రౌండ్‌కి వచ్చావని సంతోషించేలోపే, ఈసారి ఒకళ్లు కుట్టినవాటి మీద ఇంకొకళ్లు అభిప్రాయం చెప్పాలట అని టెన్షన్ మొదలుపెట్టావు. "ఆ ఆకుపచ్చ కోటు అస్సలు బాలేదు పెద్దమ్మా, ఆ మాటంటే అసూయ అనుకుంటారు, అనకపోతే అబద్ధమవుతుంది" అని రాశావు. అసూయ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కోటులో బాగోనిది ఏదో చెప్పు. కాలరా, చేతులా, పొడవా, గుడ్డా? నాలుగు పేజీలు రాశావు గానీ ఆ ఒక్క ముక్క లేదు.

నిన్ను తప్పు పట్టడం లేదులే. ఎవరికైనా "నచ్చలేదు" అనేదే ముందొస్తుంది. ఎందుకు నచ్చలేదో తెలియడానికి కాస్త టైమ్ పడుతుంది. అందాకా నోరు మూసుకోవడమే కష్టం. నేనైతే మూసుకునేదాన్ని కాదు.

నీ వయసులో నేనూ ఒక పోటీలో ఉన్నాను. నా పక్క బల్ల అమ్మాయి వెల్వెట్ గౌను కుట్టింది. స్టాండ్ మీద చూస్తే ఒక ముక్క ముదురుగా, దాని పక్కది లేతగా ఉంది. వెల్వెట్ నూగు ఒకవైపుకే వాలి ఉంటుంది కదా, ముక్కలన్నీ ఒకే దిక్కుకి పెట్టి కత్తిరించకపోతే ఒకే గుడ్డ రెండు రంగుల్లా కనిపిస్తుంది. మొదటి ఏడాదే నేర్పే పాఠమిది. అది నాకు తెలుసని అందరికీ తెలియాలి కాబట్టి, మైకు అందుకుని "కొన్ని ముక్కలు తలకిందులుగా కోసేసింది, చూసుకోలేదు" అనేశాను. ఆ అమ్మాయి నాకు జవాబు చెప్పలేదు. గౌను మోడల్‌కి తొడిగి నడవమంది. ఆమె లైటు కింద ఇటు తిరిగేసరికి ముదురు ముక్కలు లేతబడ్డాయి, అటు తిరిగేసరికి లేతవి ముదురయ్యాయి. నడుస్తున్నంతసేపూ గౌను మీద నీడలు కదిలినట్టే ఉంది. నేనింకా మైకు పట్టుకునే నిలబడి ఉన్నాను. ఎవరైనా నవ్వేసినా బాగుండేది.

కాబట్టి స్టాండ్ మీద ఉన్నదాన్ని చూసి మాట్లాడకు. పది అడుగుల దూరం నుంచి ఒకసారి చూడు, మోడల్‌ని నడవమను, కూర్చోమను, చేతులెత్తమను. ఆ తర్వాత దగ్గరికి వెళ్లు. వీలైతే లోపలివైపు కూడా తిప్పి చూడు. తేడా ఏదైనా కనిపిస్తే ముందు "ఇది కావాలని చేశావా?" అని అడుగు. అవునంటే, అనుకున్నది కుదిరిందా లేదా అన్నది మాట్లాడొచ్చు. కాదంటే తప్పును వాళ్లే ఒప్పుకున్నట్టు, నువ్వు గొంతు పెంచక్కర్లేదు.

దగ్గరికెళ్లాక మొట్టమొదట మడతలు చూడు. అడ్డంగా గీతలు పడుతుంటే అక్కడ బిగుతుగా ఉంది. నిలువుగా జారినట్టు పడుతుంటే అక్కడ గుడ్డ ఎక్కువైంది. ఐమూలగా పడితే ఆ గీత వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లు, అసలు ఇబ్బంది ఎక్కడుందో అక్కడికే తీసుకెళ్తుంది. చాలాసార్లు అది భుజం చివరే, లేకపోతే ఛాతీ, తుంటి. ఛాతీ డార్ట్ (ఒంటికి తగ్గట్టు గుడ్డని మడిచి మొనలా కుట్టేది) మొన మరీ ముందుకు పోతే అక్కడ గుడ్డ చిన్న ముక్కులా లేస్తుంది, రెండు మూడు సెంటీమీటర్ల ముందే ఆపాల్సింది. పక్క కుట్టు తిన్నగా నేలవైపు దిగకుండా ముందుకో వెనక్కో లాగేస్తుంటే ముందు ముక్కకీ వెనక ముక్కకీ లెక్క కుదరలేదు. ఇవన్నీ నీకు తెలిసినవే. నీ డ్రెస్ మీద చూస్తావు, ఎదుటివాళ్ల డ్రెస్ దగ్గరికొచ్చేసరికి మరిచిపోతావు.

క్రాస్‌గా కోసిన గౌనైతే ఇంకాస్త జాగ్రత్త. పడుగుకీ పేకకీ, అంటే నిలువు దారాలకీ అడ్డ దారాలకీ, 45 డిగ్రీల్లో కోసిన గుడ్డ సాగుతుంది, దాని అందమూ అదే, బాధా అదే. 1920, 30లలో పారిస్ డిజైనర్ మడలీన్ వియొనే ఈ కోతతో గౌనుల తీరునే మార్చేసింది. చిన్న చెక్కబొమ్మ మీద గుడ్డ వేసి చూసుకుంటూ పనిచేసేదావిడ. అలాంటి గౌను అంచు వంకరగా ఉంటే "హెమ్ కుట్టడం రాదు" అనెయ్యకు. కనీసం ఒక రోజు వేలాడదీసి, సాగాల్సినంత సాగాక అంచు సరిచేయాలి. పోటీలో ఆ ఒక్క రోజే ఉండదు. "ఇంత తక్కువ టైమ్‌లో క్రాస్ కట్ ఎంచుకోవడం పొరపాటు" అను, అది న్యాయమైన మాట.

ఇక చేతులు. కోటు బాగుందా లేదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది. స్పెయిన్ డిజైనర్ క్రిస్టోబల్ బలెన్సియాగాకి చేతుల పిచ్చి ఉండేదని, కుదరకపోతే విప్పేసి మళ్లీ ఎక్కించేవాడని చెబుతారు. నాకు చేతుల విలువ తెలిసింది మాత్రం ఒక ముసలి కటింగ్ మాస్టర్ వల్ల. నేను ఎంతో గొప్పగా అనుకున్న జాకెట్‌ని ఆయన చాలాసేపు చూసి, నా మోడల్‌తో "ఆ పైనున్న పుస్తకం తీసివ్వమ్మా" అన్నారు. ఆ అమ్మాయి చేయెత్తగానే జాకెట్ మొత్తం చెవుల దాకా లేచింది. చేయి ఫ్రీగా ఆడుతుందని నేను చంక లోతుగా తీశాను. జరిగేది దానికి తలకిందులు. చంక ఎంత కిందికి దిగితే, చేయి లేచినప్పుడు ఒంటి గుడ్డని అంత లాగుతుంది. ఆయన కుట్టు మీద వేలు పెట్టి "ఇక్కడ" అన్నారు, అంతే. మర్నాడు రాత్రంతా కూర్చుని చంక పైకి తెచ్చి మళ్లీ కోశాను.

"చీప్‌గా ఉంది" అనే మాట నోట్లోకి వస్తే మింగెయ్. అది విన్నవాళ్లకి కోపం వస్తుంది తప్ప ఏం సరిచేసుకోవాలో తెలియదు. కానీ నీకలా అనిపించిందంటే దానికి కారణం ఎక్కడో ఉండే ఉంటుంది, వెతుకు. జిప్ అలల్లా వంకరలు పోయిందా? కుట్టేటప్పుడు గుడ్డని లాగి పట్టుకుని ఉంటారు. లైనింగ్ కింద నుంచి తొంగిచూస్తోందా? కాలర్ మీద బుడగలొచ్చాయా? లోపల ఇస్త్రీతో అతికించే గుడ్డకి వేడి చాల్లేదు. నల్ల గుడ్డ మీద ఇస్త్రీ మెరుపు ఉందా? ఇందులో ఏ ఒక్కటి చెప్పినా వాళ్లు ఆ సాయంత్రమే కూర్చుని బాగు చేసుకోగలరు.

నచ్చకపోవడం వేరు, తప్పు వేరు. 1971లో ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సెయింట్ లారెంట్ 1940ల నాటి స్టైల్‌లో ఒక కలెక్షన్ చూపిస్తే పత్రికలవాళ్లు ఉతికి ఆరేశారు. నాజీ ఆక్రమణలో ఉన్న పారిస్‌ని గుర్తుచేసే ఆ భుజాలూ, ఆ బూట్లూ చూసి వాళ్ల మనసు చివుక్కుమంది. వాళ్ల బాధ నిజమే, కానీ కోతలో లోపానికి పుట్టిన బాధ కాదది. తర్వాత ఆ తీరే బయట పాకిపోయింది. నీకు ఆకుపచ్చ పడదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, కోటు దగ్గర అది గుర్తుపెట్టుకో. నువ్వైతే ఎలా కుట్టేదానివో చెప్పడం కూడా విమర్శ కాదు. పోటీవాళ్లు ఏం కుట్టమన్నారు, ఈ కోటు ఆ పని చేస్తోందా లేదా, అంతవరకే.

మోడల్ ఒంటి గురించి ఒక్క మాట కూడా వద్దు. "ఆమె తుంటికి కుదర్లేదు" కాదు, "తుంటి దగ్గర లూజ్ చాల్లేదు". కొలతలు ముందే చేతికిచ్చారు కదా, తేడా గుడ్డలోనే ఉంది.

ఇప్పుడు అసూయ. ఉంటుంది. పోటీలో ఉన్నప్పుడు లేదన్నవాళ్లని నేను నమ్మను. దానికి నా దగ్గరున్న మందు ఒకటే: ముందు నీ స్నేహితురాలి డ్రెస్ చూసి ఏ తప్పులు రాసుకున్నావో, అదే కొలతతో కోటునీ చూడు. స్నేహితురాలి జిప్ వంకర మీద కళ్లు మూసుకుని కోటు జిప్ గురించి మాట్లాడితే జడ్జీలకి ఇట్టే తెలిసిపోతుంది. "ఎవరిని ఇంటికి పంపాలి?" అని అడిగితే తప్పించుకోకు. "అందరూ బాగా చేశారు" అన్నమాట వినడానికి మర్యాదగానే ఉంటుంది గానీ చెప్పినవాళ్లకి వెన్నెముక లేదని తెలిసిపోతుంది. పేరు చెప్పు, కారణం ఒకే ఒక్క వాక్యంలో చెప్పు, అక్కడితో ఆపు. అందులో ఆ మనిషి గురించి ఏమీ ఉండకూడదు. మెచ్చుకోలు కూడా అంతే, ముందొక పొగడ్త వెనకొక పొగడ్త పెట్టి మధ్యలో తిట్టు దూర్చే పద్ధతి నాకు గిట్టదు. నిజంగా బాగున్నది ఉంటే, ఎక్కడ బాగుందో చెప్పు.

నీ వంతు వచ్చినప్పుడు చేతిలో పెన్ను ఉంచుకో. చెప్పింది రాసుకుంటుంటే ఎదురు చెప్పడానికి నోరు ఖాళీగా ఉండదు. టైమ్ చాల్లేదు, మెషిన్ మొరాయించింది, గుడ్డ దొరకలేదు... ఇవన్నీ నిజాలే అయినా ఆ పూట చెప్పకు. ముగ్గురు వేర్వేరుగా నీ నడుం దగ్గరే వేలు పెట్టారంటే, వాళ్లు చెప్పిన కారణాలు తప్పైనా సరే, నడుం విప్పి చూడాల్సిందే.

రేపు కోటు దగ్గరికి మళ్లీ వెళ్లు. ఆ అమ్మాయిని అడిగి మోడల్‌కి తొడిగించి, చేయెత్తి పైనున్నదేదైనా తీయమను. కోటు ఎంత లేచిందో, మడత ఎటువైపు నుంచి ఎటు పోయిందో నాకు రాయి. చిన్న బొమ్మ గీసి పంపినా సరే.

నీ
పెద్దమ్మ