నిర్వాణమా, నిర్యాణమా?

సందేహం: మాది చెన్నై షావుకారుపేట. దీపావళినాడు పక్కింటి జైనులు ‘మహావీర నిర్వాణం’ అని లడ్డూలు పంచారు. మా మనవడేమో తెలుగు వ్యాసంలో ‘బుద్ధుడు, మహావీరుడు నిర్యాణం పొందారు’ అని రాశాడు. నేను ‘నిర్వాణం’ అని దిద్దాను. నిర్వాణం బుద్ధుడి మాట కదా, మహావీరుడికి ‘మోక్షం’ అనాలేమో అంటారు మా వారు. పైగా వాడి తమిళ పాఠంలో జైనాన్ని ‘సమణం’ అన్నారట. శ్రమణులంటే బౌద్ధులు కారా? (ఒక పాఠకురాలు)

సమాధానం: మనవడు రాసింది తప్పు కాదమ్మా, చప్పగా ఉంది, అంతే. నిర్యాణం అంటే వెళ్లిపోవడం. ‘ప్రయాణం’లో ఉన్న ‘యా’ ధాతువే ఇందులోనూ ఉంది. పేపర్లో ‘ఫలానావారి నిర్యాణం’ అని చూస్తుంటాం కదా, చావును గౌరవంగా చెప్పే మాట అది. ఆ ఇద్దరూ పోయారన్నంతవరకే అది చెబుతుంది. మీరు దిద్ది మంచి పని చేశారు.

నిర్వాణంలో ఉన్నది ‘వా’ ధాతువు, అంటే వీచడం. ఊదితే దీపం ఆరినట్టు ఆరిపోవడమే నిర్వాణం. పాణిని ఈ ఒక్క మాట కోసం ‘నిర్వాణోఽవాతే’ అని సూత్రమే రాశాడు. గాలి ఆగిందని చెప్పేటప్పుడు తప్ప మిగతాచోట్ల ‘నిర్వాణ’ అనే రూపం వస్తుందని దాని భావం. పాణిని వ్యాకరణానికి వ్యాఖ్య అయిన కాశికావృత్తిలో దీనికిచ్చిన ఉదాహరణలు నిప్పు, దీపం, భిక్షువు. దీపం పక్కనే భిక్షువును కూర్చోబెట్టారు, చూశారా! బౌద్ధానికి ఈ పోలికే ఆయువుపట్టు. నూనె, వత్తి ఉన్నంతసేపే దీపం. తృష్ణ ఉన్నంతకాలమే జన్మలు. ఆరిన మంట తూర్పుకు పోయిందా, పడమరకు పోయిందా అని అడగడంలో అర్థం లేదని వచ్చగోత్తుడనే పరివ్రాజకుడితో బుద్ధుడు తేల్చేశాడు. శాశ్వతమైన ఆత్మ ఒకటుందని ఆయన ఒప్పుకుంటే కదా, అది ఎక్కడికి పోయిందో చెప్పడానికి!

జైనులకు జీవుడు ఉన్నాడు. మనిషిలోనే కాదు, నీటిబొట్టులోనూ మట్టిగడ్డలోనూ ఉన్నాడు. కర్మ వాళ్ల లెక్కలో కంటికి కనబడని సూక్ష్మ పదార్థం. అది ధూళిలా వచ్చి జీవుడికి అంటుకుంటుంది. (బుద్ధుడు చేతననే, అంటే సంకల్పాన్నే కర్మ అన్నాడు. అంటుకునే వస్తువేదీ అక్కడ లేదు.) ఉమాస్వాతి రాసిన జైన గ్రంథం తత్త్వార్థసూత్రంలో సొరకాయ బుర్ర పోలిక ఒకటుంది. మట్టి మెత్తిన బుర్ర నీళ్లలో మునుగుతుంది. మట్టి కరిగిపోతే తనంతట తనే పైకి తేలుతుంది. కర్మ వదిలిన జీవుడూ అలాగే లోకాగ్రానికి, అంటే లోకం పైకొసకు చేరి అక్కడే ఉండిపోతాడు. ‘ముచ్’ అంటే విడవడం, అందులోంచి వచ్చిందే మోక్షం. మట్టి పోయింది, బుర్ర మిగిలింది. దీపం సంగతి అలా కాదు, అక్కడ మిగిలిందేమిటని అడగకూడదు.

మన ఇళ్లలో దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. ఆరడం బౌద్ధుల పోలిక, పైకెక్కడం జైనుల పోలిక. ఏ మతమూ ఎరగని అమ్మమ్మలు రెంటినీ ఒకే మాటలో ఇరికించేశారని నాకు సరదాగా అనిపిస్తుంది. ఇలాంటిదే ఇంకొకటి. ‘నా ఖర్మ కాలి’ అని మనం ఏడుస్తాం. జైనముని అంత తపస్సు చేసేది ఆ కర్మ కాలడానికే!

ఇక మీ వారి అనుమానం. మహావీరుడికి మోక్షం అనవచ్చు, నిర్వాణం అన్నా తప్పులేదు. జైనులు ఎప్పటినుంచో వాడుతున్న మాటే అది, మీకు లడ్డూ ఇచ్చింది కూడా ఆ పేరుతోనే కదా. ఈ మాటలు ఏ ఒక్కరి సొత్తూ కావు. జైనం అన్న పేరు ‘జినుడు’ నుంచి వచ్చిందే, అయినా అమరకోశం బుద్ధుడి పేర్లలో ‘జినుడు’ అని కూడా చెప్పింది. శ్రమణుడూ అంతే. శ్రమించేవాడు, తపస్వి అని దాని అర్థం, ప్రాకృతంలో సమణుడు. బుద్ధుణ్ని ‘సమణ గోతముడు’ అనేవారు. తమిళం ఆ మాటను జైనులకే కట్టబెట్టింది, తెలుగు కట్టబెట్టలేదు. కాబట్టి మీ మనవడు తమిళ పాఠాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ‘సమణర్’ అన్నచోట ‘జైనులు’ అనాలి. ‘శ్రమణులు’ అంటే బౌద్ధులు కూడా వచ్చి కూర్చుంటారు.

నాకు అసలు చిక్కు ‘పొందారు’తో. పొందడానికి ఒకరుండాలి, చేతికి ఏదో రావాలి. జీవుడున్న జైనానికి ఆ క్రియ సరిపోతుంది. పాళీలో బుద్ధుడి గురించి చెప్పేటప్పుడు ‘పరినిబ్బాయి’ అని ఒక్క క్రియతో సరిపెట్టారు, ఆరిపోయాడని. మనం మరణం చెందాడు, పరిణామం చెందింది అంటాం కదా, ఆ ‘చెందు’ దీనికి కాస్త దగ్గర. ఇంకో సంగతి. బుద్ధుడు ‘నిర్వాణం పొందాడు’ అని ఊరుకుంటే బోధిచెట్టు కింద జ్ఞానోదయమైన నాడా, చివరి రోజునా అన్నది తేలదు. నేనైతే ఇలా రాయిస్తాను (కేవలజ్ఞానం అంటే జైనుల లెక్కలో అన్నీ తెలిసే సంపూర్ణ జ్ఞానం): ‘బుద్ధుడు 35వ ఏట బోధి పొంది, 80వ ఏట కుశీనగరంలో పరినిర్వాణం చెందాడు. మహావీరుడు 42వ ఏట కేవలజ్ఞానం పొంది, 72వ ఏట పావాపురిలో మోక్షం పొందాడు.’

‘చెందాడు’ మీద టీచరు ఎర్రసిరా పెడితే మాత్రం వాదించొద్దని చెప్పండి. అది నా పట్టింపు, వ్యాకరణం కాదు.