అదనపు జిల్లా జడ్జి అంటే చిన్న జడ్జి కాదు

సీనియర్ సివిల్ జడ్జి ఇచ్చిన డిక్రీ మీద మీరు జిల్లా కోర్టులో అప్పీలు వేస్తే దాన్ని మూడో అదనపు కోర్టుకు పంపారు, కింది జడ్జి దగ్గరకు దింపేశారా అన్నది మీ సందేహం.

దింపలేదండీ. మా నాన్నగారి భూమి దావా అప్పీలు కూడా ప్రిన్సిపల్ కోర్టులో, అంటే జిల్లా ప్రధాన జడ్జి కోర్టులో నంబరై, అక్కడి నుంచే అదనపు కోర్టుకు ‘మేడ్ ఓవర్’ అయింది, అంటే విచారణకు అప్పగించారు. రాజ్యాంగం 236వ అధికరణం అదనపు జిల్లా జడ్జిని జిల్లా జడ్జి కిందే లెక్కేస్తుంది. ఆయన తీర్పు మీద రెండో అప్పీలు హైకోర్టుకే పోవాలి, ప్రిన్సిపల్ జడ్జి దాన్ని తిరగదోడలేరు. సెషన్స్ కేసుల్లో, అంటే పెద్ద క్రిమినల్ కేసుల్లో, అదనపు జడ్జి మరణశిక్ష సైతం వేయగలరు, కాకపోతే హైకోర్టు ఖరారు చేయాలి. రెండేళ్లకు మించకుండా నియమించే హైకోర్టు అదనపు జడ్జీలతో వీరిని కలపకండి, అది వేరే లెక్క.

తేడా అంతా పని పంపకంలో ఉంది. ఏ ఫైలు ఏ హాలుకు పోవాలో ప్రిన్సిపల్ జడ్జి చూస్తారు, పరిపాలనా ఆయనదే. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 24 కింద అదనపు కోర్టులోని ఫైలును వెనక్కి తెప్పించుకోగలరు కూడా. తెనాలి, గుడివాడ లాంటి చోట్ల అదనపు కోర్టులు జిల్లా కేంద్రం బయటే నడుస్తాయి.

అసలు చిక్కు ఫైలు కదిలాక మొదటి వాయిదాలో. పాత హాలు ముందు కూర్చుంటే కొత్త హాల్లో పిలిచేస్తారు. మాతోపాటు వాయిదాలకు వచ్చే ఒక పెద్దాయన అప్పీలు అలాగే డిఫాల్ట్ కింద, అంటే పిలిచినప్పుడు హాజరు లేరని, కొట్టేశారు. సీపీసీ ఆర్డర్ 41 రూల్ 19 కింద పిటిషన్ వేసి, ఎందుకు రాలేకపోయారో చెప్పుకుని మళ్లీ ఫైలుకెక్కించుకున్నారు. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు) కొట్టి, ముందురోజే హాలు చూసుకోండి.

కొన్ని అదనపు కోర్టులకు పోక్సో, ఎస్సీ ఎస్టీ ప్రత్యేక కోర్టుల బాధ్యతా ఉంటుంది. మాకు వాదనలకు పెట్టిన రోజు కాల్‌వర్క్ (పొద్దున కేసులన్నీ వరసగా పిలవడం) కాగానే సెషన్స్ కేసు సాక్షులు వచ్చారు. జైలు నుంచి తెచ్చిన ముద్దాయి ఎదురుగా నిలబడి ఉంటే సివిల్ అప్పీలు ఎవరు తీస్తారు? మధ్యాహ్నం దాకా కూర్చుని వాయిదా తేదీ రాసుకుని వచ్చాం. జడ్జి బదిలీ అయ్యి ఇన్‌చార్జి ఉన్న రోజుల్లోనైతే చాలావరకు వాయిదాలే.

అదనపు కోర్టు అన్న ఒక్క కారణానికే ట్రాన్స్‌ఫర్ ఓపీ (కేసును వేరే కోర్టుకు మార్చమనే పిటిషన్) వేద్దామని ఎవరైనా అంటే ఆ ఫీజు దండగ.