గుంటూరు నుంచి ఒక తండ్రి ప్రశ్న: ఫిజియోథెరపీ చదివి ఊపిరి మీద రీసెర్చ్ చెయ్యొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మాయి బైపీసీ. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. పోయినేడు మా బావమరిది బైకు మీద నుంచి పడితే మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. అక్కడ ఫిజియో చేసిన పని చూసి, తనూ అదే చదివి ఊపిరి మీద రీసెర్చ్ చేస్తానంటోంది. బంధువులు ‘మసాజ్ చదువు’ అని ఎగతాళి చేస్తున్నారు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్‌లో చేర్చమంటారా?

జవాబు: వద్దండీ, ఆ ఫీజు కట్టకండి. తనకేం కావాలో పిల్ల నోరు తెరిచి చెబుతోంది. నా దగ్గరికొచ్చే పిల్లల్లో అలా చెప్పేవాళ్ళు తక్కువ.

ఇక మసాజ్ మాట. ఒకప్పుడు నేనూ ఫిజియో అంటే మోకాళ్ళ నొప్పులే అనుకునేవాణ్ణి. మీ బావమరిది సంగతే చూడండి. ఊపిరి పీల్చడానికి అసలు కండరం డయాఫ్రం. దాన్ని నడిపే నరం మెడలో, వెన్నుపాము మూడు, నాలుగు, ఐదో భాగాల నుంచి బయల్దేరుతుంది. దెబ్బ అంతకన్నా పైన తగిలితే సొంతంగా గాలి తీసుకోవడమే కష్టం. కింద తగిలినా గండం గడిచినట్టు కాదు. గట్టిగా దగ్గాలంటే పొట్ట కండరాలు పనిచెయ్యాలి, అవి చచ్చుబడతాయి. కఫం లోపలే నిలిచి నిమోనియాకి దారి తీస్తుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ ప్రాణాలు తీసే ముఖ్య కారణాల్లో అదొకటి. రోగి దగ్గబోయే క్షణం కనిపెట్టి, పొట్ట మీద చేతులు పెట్టి పైకి నొక్కే ఫిజియోని మీ అమ్మాయి చూసే ఉంటుంది. దాన్ని మసాజ్ అనేవాళ్ళని ఒకపూట ఐసీయూలో నిలబెట్టాలి.

రీసెర్చ్ కూడా ఉత్తమాట కాదు. గోర్డన్ మిచెల్ అనే శాస్త్రవేత్త ఎలుకలకి కాసేపు ఆక్సిజన్ తక్కువున్న గాలి, కాసేపు మామూలు గాలి మార్చి మార్చి ఇస్తే, ఆపేశాక కూడా డయాఫ్రం నరం చురుకుగానే ఉండటం గమనించారు. దానికి సెరటోనిన్ (నరాల మధ్య కబురు మోసే రసాయనం) కావాలని 1996లో చూపించారు. తర్వాత ఆయన ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చేరింది ఫిజికల్ థెరపీ విభాగంలోనే! 2014లో అమెరికాలోనే, వెన్నుపాము పూర్తిగా తెగిపోని 19 మంది మీద ఈ పద్ధతి పరీక్షించారు. మన చుట్టూ గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వాళ్ళకిచ్చింది 9 శాతం. 90 సెకన్లు అది, 60 సెకన్లు మామూలు గాలి, రోజుకి 15 సార్లు, ఐదు రోజులు. నడక వేగం పెరిగింది. దీనికి నడక ప్రాక్టీసు కూడా జోడిస్తే ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరమూ పెరిగింది. ఊపిరి దగ్గర మొదలైన పని కాళ్ళ దాకా వెళ్ళిందన్నమాట. 19 మంది అంటే చిన్న సంఖ్యే, తేలాల్సింది చాలా ఉంది. మీ బావమరిదికి మాత్రం ఇంట్లో ఊపిరి బిగబట్టించే ప్రయోగాలేవీ చెయ్యకండి, ప్రమాదం.

దారి మాత్రం పొడుగు. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ), ఆపైన న్యూరో (నరాలు) లేదా కార్డియో రెస్పిరేటరీ (గుండె, ఊపిరితిత్తులు)లో రెండేళ్ళ ఎంపీటీ (పీజీ), తర్వాత పీహెచ్‌డీ. మొదట్లో జీతాలు తక్కువ, మీరు టెన్షన్ పడతారని ఆ సంగతి దాచను. రీసెర్చ్‌కి స్టాటిస్టిక్స్ తప్పదు, పిల్లకి అదంటే భయముంటే ఇప్పుడే పోగొట్టాలి, బైపీసీ వాళ్ళు చతికిలబడేది అక్కడే. అడ్మిషన్ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి కన్సల్టెంట్ల మాట నమ్మక, విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషనే చదవండి.

కాలేజీ చూడ్డానికి వెళ్తే బిల్డింగ్ చూసి మురిసిపోకండి. ఫైనలియర్ పిల్లల్ని పక్కకి పిలిచి, ఐసీయూ పోస్టింగ్ ఎన్ని వారాలు, వెంటిలేటర్ మీదున్న రోగిని సొంతంగా ముట్టుకోనిచ్చారా అని అడగండి. నీళ్ళు నమిలితే ఇంకో కాలేజీ చూసుకోండి.