ప్లేటు వేసిన మడమ నుంచి రసి ఆగకుండా కారుతుంటే...

ప్రశ్న: మా నాన్నగారి వయసు 54. తాపీమేస్త్రీ. 5 నెలల క్రితం పరంజా మీద నుంచి పడటంతో కుడి మడమ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. 2 నెలలుగా కుట్లు వేసిన చోట చిన్న రంధ్రం పడి రసి కారుతోంది. యాంటీబయాటిక్ మాత్రలు వాడినన్ని రోజులు ఆరిపోతుంది, మానేసిన పది రోజులకు మళ్లీ మొదలవుతుంది. జ్వరం లేదు. షుగర్ ఉంది, బీడీలు కాలుస్తారు. కాలు తీసేయాల్సి వస్తుందని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మాత్రలు వాడితే ఆరిపోవడం, మానగానే మళ్లీ కారడం అని మీరు రాసిన మాటే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇది పైచర్మం మీది పుండు కాదని, లోపల ప్లేటుకో ఎముకకో ఇన్ఫెక్షన్ పట్టి ఉంటుందని అనుమానించడానికి అదే బలమైన ఆధారం. ఎముకకు సోకే ఈ ఇన్ఫెక్షన్‌ను ఆస్టియోమైలైటిస్ అంటారు. ఇది ముదిరి పాతబడినప్పుడు చాలామందికి జ్వరం ఉండదు కాబట్టి, జ్వరం లేదు కదా అని ధైర్యపడటానికి వీల్లేదు.

మీ మడమ బయటి వైపు ఒకసారి వేలితో నొక్కి చూసుకోండి. పలుచని చర్మం కిందే గట్టిగా ఎముక తగులుతుంది. మధ్యలో కండ ఉండదు. ప్లేటు వేయడానికి చాలాసార్లు అక్కడే ఎల్ ఆకారంలో కోత పెడతారు. ఆ కోత మలుపు తిరిగే మూలకు రక్తప్రసరణ తక్కువ కాబట్టి చర్మం అంచు నల్లబడి విడిపోయే ప్రమాదం ఉంటుంది. షుగర్, బీడీ తోడైతే ఆ ప్రమాదం బాగా పెరుగుతుంది. అందుకే గాయం మానలేదంటే అది ఆపరేషన్ చేసినవారి పొరపాటేనని అనుకోనక్కర్లేదు. లోపలికి చేరిన బ్యాక్టీరియా, ఎక్కువగా స్టెఫైలోకాకస్ ఆరియస్, లోహం మీద జిగురు పొర కట్టుకుని అందులో దాక్కుంటుంది. మాత్రలు పొర బయట ఉన్నవాటిని చంపుతాయి గానీ లోపలివాటిని పూర్తిగా తుడిచిపెట్టలేవు. మీ నాన్నగారి విషయంలో జరుగుతున్నది బహుశా ఇదే.

కాబట్టి దయచేసి మందుల షాపులో మరో కోర్సు కొనకండి. ఎముకల డాక్టరు దగ్గర ఎక్స్‌రే, ఒంట్లో ఇన్ఫెక్షన్ జాడను పట్టే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ఎముక అతికిందో లేదో తెలుసుకోవడానికి సీటీ స్కాన్ చేయించండి. రంధ్రం దగ్గర దూదితో తీసిన రసిని పరీక్షిస్తే చర్మం మీది క్రిములే కనిపించి దారి తప్పించవచ్చు. ఆపరేషన్ సమయంలో లోపలి నుంచి, ఎముక నుంచి నాలుగైదు ముక్కలు తీసి కల్చర్‌కు, అంటే ల్యాబులో క్రిములను పెంచి చూసే పరీక్షకు, పంపితేనే అసలు క్రిమి ఏదో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. పరిస్థితి నిలకడగా ఉంటే దానికి ముందు సుమారు 2 వారాలు యాంటీబయాటిక్స్ ఆపమని డాక్టరు చెప్పవచ్చు. ఆ నిర్ణయం మాత్రం వారిదే. మన దగ్గర క్షయ ఎక్కువ కనుక ఆ పరీక్ష కూడా అడగండి.

5 నెలలు గడిచాయి కాబట్టి ఎముక అతికి ఉండే అవకాశమే ఎక్కువ. అలా అతికి ఉంటే ప్లేటు, స్క్రూలు అన్నీ తీసేసి, చచ్చిన ఎముకను గీకి శుభ్రం చేసి, ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన పూసలు పెడతారు. చర్మం మూసుకోకపోతే ప్లాస్టిక్ సర్జన్ వేరేచోటి నుంచి కండ, చర్మం తెచ్చి కప్పుతారు. ఆ తర్వాత మందులు సాధారణంగా 6 వారాల వరకు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం వాడాలి. వెయ్యిమందికి పైగా రోగులతో బ్రిటన్‌లో జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, ఎముకల, కీళ్ల ఇన్ఫెక్షన్లకు సరిగా ఎంచుకున్న మాత్రలు మొదటి 6 వారాల్లో ఇంజెక్షన్లకు తీసిపోలేదని తేలింది. కాబట్టి నెలన్నర పాటు ఆస్పత్రి మంచం మీదే ఉండాల్సి వస్తుందని కూడా అనుకోకండి.

ఈ దశలో సరైన వైద్యం అందితే చాలామందికి కాలు నిలుస్తుంది. బంధువుల మాటలు విని ఆస్పత్రికి వెళ్లడం వాయిదా వేస్తేనే ఆ భయం నిజమయ్యే ముప్పు పెరుగుతుంది. బీడీ ఈ రోజే మానిపించండి. షుగర్ అదుపులోకి తెచ్చుకుంటూ గుడ్లు, పప్పు, పెరుగు బాగా తినమనండి. మడమ మీద బరువు మోపే విషయం డాక్టరునే అడగండి. పసరు, పసుపు, పౌడరు వంటివి ఏవీ ఆ రంధ్రంలో నింపకూడదు.

చలితో జ్వరం వచ్చినా, ఎరుపు పాదం పైకి పాకినా, కాలు నల్లబడుతున్నా, మనిషి మగతగా ఉన్నా ఆ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఆపరేషన్ నాటి డిశ్చార్జ్ కాగితాలు, పాత ఎక్స్‌రేలు, ఇప్పటిదాకా వాడిన మాత్రల ఖాళీ అట్టలు వెంట ఉంచుకోండి.