చూసేది ఎవరు, కనబడేది ఎవరు?

ప్రశ్న: ఘానా నుంచి వచ్చిన సహోద్యోగి దగ్గర ఎవే భాష నేర్చుకుంటున్నాను. ‘న్యొను’ అంటే స్త్రీ, ‘లా’ అంటే ‘ఆ’ (పేరు తర్వాత వస్తుంది), ‘న్యా’ అంటే తెలుసు, ‘క్పొ’ అంటే చూడటం అని చెప్పారు. మరి ‘న్యొను లా న్యా క్పొ’ అంటే ఆవిడకి చూడటం తెలుసు అని కదా? కాదు, ఆవిడ అందంగా ఉంది అని అర్థమట! ఎలాగండీ?

జవాబు: మీ సహోద్యోగి చెప్పిందే కరెక్ట్. ఈ వాక్యంలో ‘న్యా’ని ‘తెలుసు’ అనుకోకండి, రాతలో ఒకేలా కనిపిస్తుందంతే. ఇక్కడ దాని పని, తర్వాత వచ్చే క్రియకి ‘బాగుంటుంది’ అన్న అర్థం ఇవ్వడం. మనం ‘చూడముచ్చటగా ఉంది’ అంటాం చూడండి, అందులో చూసేది ఆవిడ కాదు, ఆవిడని చూసేవాళ్ళు, వాళ్ళెవరో మనం చెప్పం. అదే ఇది.

ఘానా ఆగ్నేయాన, టోగో దక్షిణాన మాట్లాడే ఈ భాషలో మామూలు వరస కర్త, క్రియ, ఆ తర్వాత కర్మ. ‘కోఫి గ్బా జె లా’ అంటే కోఫి కుండ పగలగొట్టాడు. ఇప్పుడు కోఫిని తీసేసి కుండని ముందుకి తెచ్చి ‘జె లా గ్బా’ అనండి, కుండ పగిలింది అయిపోతుంది, క్రియ మాత్రం అదే ‘గ్బా’, మనకైతే పగిలింది వేరు, పగలగొట్టాడు వేరు. నాకు ఈ భాషలో బాగా నచ్చేది ఇదే, క్రియ కదలదు, దాని ముందు ఎవరు కూర్చున్నారన్నదే అర్థాన్ని తిప్పుతుంది. కర్మణి ప్రయోగానికని క్రియకి వేరే రూపం కూడా లేదు, ‘వో గ్బా జె లా’ అంటారు, ‘వో’ అంటే వాళ్ళు. మనమూ ఎవరో చెప్పకుండా ‘కుండ పగలగొట్టారు’ అంటాం కదా!

అయితే ‘జె లా గ్బా’ జరిగిపోయిన సంగతి చెబుతుంది, ‘న్యా’ వాక్యం ఆ మనిషి లేదా వస్తువు గుణం చెబుతుంది. ‘నుడుడు లా న్యా డు’ అంటే ఆ తిండి తినడానికి బాగుంటుంది, అంటే రుచిగా ఉంటుంది అని. (ఆ ‘డు’లో ఉన్నది అచ్చం మన ‘డ’నే, పలకడానికి మీకు టెన్షన్ అక్కర్లేదు.) ఎవరికి రుచి అని చెప్పాలంటే చివర్లో ‘నా కోఫి’ అని చేర్చండి, కోఫికి అని.

ఇంకొక్క గుర్తు: ఇలాంటి వాక్యంలో ‘క్పొ’ తర్వాత కర్మ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే ఆ కర్మే లేచి ముందుకొచ్చి కూర్చుంది. అక్కడ ఎవరినో చూసినట్టు ఒక మాట వినిపించిందంటే అది ఈ వాక్యం కాదు, అప్పుడు ‘న్యా’కి అర్థం ఏంటో మీ సహోద్యోగినే అడగండి.