కుటుంబ ప్రార్థనలో పిల్లలు కూర్చోవడం లేదంటే

వందనాలు సిస్టర్. రాత్రి 9:30కి ప్రార్థన, బైబిలులో ఒక అధ్యాయం మొత్తం చదవడం, ఆపైన మీవారి ప్రార్థన 20 నిమిషాలు. ఆరేళ్ల బాబు నిద్రపోతున్నాడు, పదేళ్ల పాప విసుక్కుంటోంది అన్నారు. లోపం పిల్లల్లో లేదు, వేళలోనూ నిడివిలోనూ ఉంది.

భోజనానికి ముందే, 7:30కి పెట్టుకోండి. మొత్తం పది నిమిషాలు చాలు: పాట రెండు చరణాలు, కొన్ని వచనాలు, ఒక్క ప్రశ్న, చిన్న ప్రార్థన. పాట బాబు ఎంచుకోవాలి, పాప చదవాలి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే. నాలుగో అధ్యాయంలో (4:35-41) తుపాను సంగతి ఏడే వచనాలు. అందులో యేసు నిద్రించిన "అమరము" అంటే పడవ వెనక భాగమని ముందే చెప్పండి. పిల్లలు తడబడేది ఇలాంటి పాత మాటల దగ్గరే.

ముఖ్యంగా, "ప్రభువా, వీడికి బుద్ధి ఇవ్వు, మార్కులు తగ్గాయి" అని ప్రార్థనలో అస్సలు అనకండి. అది తనకు పడిన తిట్టని వాడికి తెలిసిపోతుంది, ఇక కళ్లు మూసుకోవడమంటేనే భయపడతాడు. మీవారు అనవసరంగా కోప్పడిన రోజు, పిల్లల ఎదుటే "నాదే తప్పు, క్షమించు నాన్నా" అనాలి. క్షమాపణ అంటే ఏమిటో వాళ్లు చూసేది అక్కడే.

ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెట్టింపు చేయకండి, మళ్లీ పది నిమిషాలే.