అమ్మానాన్నలు వస్తున్నారు, ఏ హోటల్‌కి తీసుకెళ్ళమంటారు?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివినప్పుడు నేను విజయనగరంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. దసరా వెళ్ళాక వచ్చిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను చూసుకుని, ఇంకో వారం ఉందామని ఆగాను. నువ్వు అడిగింది ఇది: శ్రీకాకుళం నుంచి అమ్మానాన్నలు మొదటిసారి ఇంగ్లండు వస్తున్నారు, వాళ్ళ పెళ్ళయి 30 ఏళ్ళు నిండుతున్నాయి, పేరున్న పెద్ద హోటల్లో ఒక్క పూట భోజనం పెట్టించాలని ఉంది, గది తీసుకోకుండా ఊరికే తినడానికి వెళ్ళొచ్చా, వెళితే ప్రయాణం చేసి వెళ్ళదగ్గ చోటు ఏది అని. జనవరిలో చదువుకి బయల్దేరుతున్న మా వీధి పిల్లలు కూడా మొన్న ఇదే అడిగారు, అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఈ హోటల్ అన్న మాట సంగతి చూడు. మన దగ్గర హోటల్ అంటే తినే చోటు. గంటస్తంభం దగ్గర హోటల్లో టిఫిన్ చేసొచ్చాం అంటాం, గది కావాలంటే లాడ్జి అంటాం. అక్కడ హోటల్ అంటే ముందు బస, ఆ తర్వాతే భోజనం. అందుకే కొత్తగా వచ్చిన మన పిల్లలు ఆ తలుపు దగ్గర కోటూ టోపీ వేసుకుని నిలబడ్డ మనిషిని చూసి, ఇది లోపల ఉన్నవాళ్ళకే అనుకుని దాటిపోతారు. అది నిజం కాదు. చాలా పెద్ద హోటళ్ళలో రెస్టారెంటుకి విడిగా టేబుల్ బుక్ చేసుకోవచ్చు, వెళ్ళి పేరు చెబితే మర్యాదగా తీసుకెళ్ళి కూర్చోబెడతారు, గది నంబరు ఎవరూ అడగరు. ఇది ఈనాటి మాట కూడా కాదు. 1889లో లండన్‌లో సవాయ్ హోటల్ తెరిచాక సెజార్ రిట్జ్ అనే మేనేజరు, ఎస్కోఫియే అనే వంటమాస్టరు కలిసి ఊళ్ళోవాళ్ళు భోజనం కోసమే హోటల్‌కి వచ్చేలా చేశారు. వంటింట్లో సాసులకి ఒకరు, చేపలకి ఒకరు, స్వీట్లకి ఒకరు అని పని పంచింది కూడా ఆ ఎస్కోఫియేనే, ఈ రోజుకీ పెద్ద వంటిళ్ళు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. నేను చదువుకునే రోజుల్లో ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగాను కాబట్టి ఇది కళ్ళారా చూసిందే.

ఇక ‘ప్రయాణం చేసి వెళ్ళదగ్గ’ అన్న మాట. మిషెలిన్ స్టార్ గురించి వినే ఉంటావు. అది టైర్ల కంపెనీ. ఫ్రాన్సులో ఇద్దరు అన్నదమ్ములు, జనం కార్లేసుకుని తిరిగితే టైర్లు అరుగుతాయి, కొత్తవి కొంటారు అని 1900లో ఒక గైడు పుస్తకం వేశారు. స్టార్లు ఇవ్వడం 1926లో మొదలైంది, తర్వాత అయిదేళ్ళకి మూడు మెట్లు వచ్చాయి. ఒక స్టారు అంటే దారిలో ఉంటే ఆగమని, రెండంటే దారి మళ్ళించుకునైనా వెళ్ళమని, మూడంటే దానికోసమే ప్రయాణం కట్టమని. ఆ కొలత మంచిదే, కాదనను. కానీ అది వంటకి పెట్టిన కొలత. తినేది మీ అమ్మగారు, మీ నాన్నగారు. వాళ్ళకి ఏ వారం పడుతుంది, ఏది పడదు, ఎంతసేపు కూర్చోగలరు అన్నది ఏ గైడులోనూ ఉండదు, అది నువ్వే చూసుకోవాలి.

వారం దగ్గరే మొదలుపెట్టు. పిల్లలందరూ సెలవు కదా అని శనివారం రాత్రికి బుక్ చేస్తారు. మన ఇళ్ళలో వెంకన్న స్వామికని శనివారం నీచు ముట్టనివాళ్ళు ఎంతమంది! మీ శ్రీకాకుళంలో అయితే అరసవల్లి స్వామికని ఆదివారం కూడా ముట్టనివాళ్ళు ఉంటారు. సోమవారం శివుడికి. నాన్నగారు చేపలు ఇష్టంగా తినే మనిషి అయివుండి, సరిగ్గా తినకూడని రోజున అంత ఖరీదైన చేప ముందు కూర్చుని బంగాళాదుంప తినడం నీకే బాధగా ఉంటుంది. ఫోన్ చేసి అమ్మని అడుగు, ఏ రోజు ఏమిటో చెబుతుంది. గురువారమో శుక్రవారమో మధ్యాహ్నం అయితే చాలా ఇళ్ళకి ఇబ్బంది ఉండదు, పైగా మధ్యాహ్నం పెట్టే సెట్ లంచ్ రాత్రి టేస్టింగ్ మెనూ, అంటే వరసగా చిన్న చిన్న ప్లేట్లు వచ్చే భోజనం, దానికన్నా బాగా చవక. వంటింట్లో మనుషులు వాళ్ళే, వంట అదే, బిల్లే తక్కువ.

రెండోది, ఇది నా సొంత అనుభవం, ఇప్పటికీ తలుచుకుంటే మనసు బాగుండదు. మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు ఒక పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళాను, పేరు వద్దులే. అమ్మ శాకాహారి. మెనూలో ఉల్లిపాయల సూప్ అని ఉంటే ఉల్లిపాయలే కదా అని చెప్పించాను. నాలుగు చెంచాలు తాగాక ఎందుకో అనుమానం వచ్చి అడిగితే, బీఫ్ ఎముకలు ఉడకబెట్టిన నీళ్ళతో చేశామని చెప్పారు. అమ్మ ఒక్క మాట అనలేదు. చెంచా పక్కన పెట్టేసింది, ఆ పూటే కాదు, మర్నాడు కూడా ఏమీ తినలేదు, స్నానం చేసి దేవుడి ఫొటో ముందు కూర్చుంది. నేను ముందు రోజు ఒక్క ఫోన్ చేసి ఉంటే అది జరిగేది కాదు.

కాబట్టి బుక్ చేసినప్పుడు ‘వెజిటేరియన్’ అని ఒక గడిలో టిక్కు పెట్టి వదిలేయకు. ఫోన్ చెయ్యి, లేదా ఈమెయిల్ రాయి, మూడు నాలుగు రోజుల ముందే. మాంసం, చేప, గుడ్డు వద్దు అని విడివిడిగా చెప్పు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో గుడ్డు శాకాహారమే. సూప్‌లో, రిసోట్టో అనే ఇటలీ అన్నంలో, గ్రేవీలో కోడిమాంసం నీళ్ళు గానీ బీఫ్ నీళ్ళు గానీ పోయొద్దని చెప్పు. జెల్లీలాగా కదిలే స్వీట్లలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. పార్మెజాన్ చీజు తయారీలో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు, ఇది చాలామంది మనవాళ్ళకి తెలియదు. వూస్టర్ సాసులో చేపలుంటాయి. ఉల్లి, వెల్లుల్లి కూడా మానేసే నెలైతే అదీ రాయి. ఇవన్నీ అడిగితే విసుక్కుంటారేమో అని టెన్షన్ పడకు. వంటింట్లో పనిచేసినవాడిగా చెబుతున్నా, ముందు చెబితే వాళ్ళు ఆలోచించి ఒక మంచి వంటకం చేస్తారు, అప్పటికప్పుడు చెబితే పుట్టగొడుగుల అన్నం ఒకటి కలిపి పంపేస్తారు. ఎలర్జీల సంగతి కూడా కలిపే చెప్పు. అక్కడి చట్టం ప్రకారం 14 రకాల పదార్థాల గురించి వాళ్ళు చెప్పి తీరాలి, అందులో మన ఆవాలు, నువ్వులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఎక్కడికి అన్నది. నీ బడ్జెట్ చెప్పావు కాబట్టి ఒకటి ముందే అనేస్తాను. లండన్‌లో డార్చెస్టర్ హోటల్లో అలన్ డుకాస్ రెస్టారెంటుకి 2010లో, కనాట్ హోటల్లో ఎలెన్ డరోజ్ రెస్టారెంటుకి 2021లో మూడు స్టార్లు వచ్చాయి, గొప్పవే, కానీ విద్యార్థి వీసా మీద వారానికి 20 గంటలు పనిచేసి దాచిన డబ్బు అక్కడ ఒక్క పూటకి పెట్టొద్దు. క్రెడిట్ కార్డు మీద అసలు పెట్టొద్దు. అవి ఎక్కడికీ పోవు, నువ్వు ఉద్యోగంలో కుదురుకున్నాక వెళ్ళొచ్చు.

నాన్నగారు చేపల మనిషి, అన్నం లేకపోతే భోజనం చేసినట్టు ఉండదు అన్నావు. అలాంటప్పుడు నా మొదటి మాట లండన్‌లో క్విలాన్. బకింగ్‌హామ్ గేట్ వీధిలో తాజ్‌వాళ్ళ సెయింట్ జేమ్స్ కోర్ట్ హోటల్ పక్కనే ఉంటుంది. కేరళ, కర్ణాటక, గోవా తీరాల వంట, 2008లో మిషెలిన్ స్టారు వచ్చింది. అంత దూరం వెళ్ళి మన వంటేనా అని నీ స్నేహితులు అంటారు, అననీ. మన పులుసుకీ వాళ్ళ కొబ్బరిపాల కూరకీ చాలా తేడా ఉంది, భావనపాడు రేవులో చేప రుచి తెలిసిన మనిషి ఆ తేడాని నీకన్నా బాగా పట్టుకుంటాడు, దాని గురించి వారం రోజులు మాట్లాడతాడు. తెలియని వంట ముందు భయంభయంగా కూర్చోవడం కన్నా, తెలిసిన దాన్ని కొత్తగా తినడంలో పెద్దవాళ్ళకి ఎక్కువ సంతోషం ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

అమ్మకి ఆ గొప్ప హాళ్ళు, దీపాలు, పూలు చూపించాలని ఉంటే లండన్‌లోనే రిట్జ్ హోటల్లో మధ్యాహ్నం టీకి తీసుకెళ్ళు. 1906లో కట్టిన హోటల్, పైన చెప్పిన ఆ సెజార్ రిట్జ్ పేరు మీదే. అక్కడి రెస్టారెంటుకి 2025లో రెండో స్టారు వచ్చింది గానీ నేను చెప్పేది పామ్ కోర్ట్ అనే హాల్లో ఇచ్చే టీ. టీ అంటే ఒక కప్పు కాదు, మూడంతస్తుల స్టాండు మీద చిన్న సాండ్‌విచ్‌లు, స్కోన్లు, కేకులు, అంతా కలిపి భోజనమంత ఉంటుంది. ముందు చెబితే శాకాహారంలోనూ ఇస్తారు. మగవాళ్ళకి కోటు, టై తప్పనిసరి, జీన్సు, స్పోర్ట్స్ షూస్ వేసుకుంటే రానివ్వరు. నాన్నగారికి కోటు లేకపోతే నీ స్నేహితుడిది తీసుకో, చెప్పులు కాకుండా బూట్లు తెమ్మని ఇప్పుడే చెప్పు. అమ్మకి ఏ చింతా లేదు, పట్టుచీర కట్టుకుని వెళితే ఆ హాల్లో ఆవిడే అందరికన్నా బాగుంటుంది.

ఇక నిజంగా రైలెక్కి వెళ్ళదగ్గ చోటు అంటే నాకు కార్ట్‌మెల్. లేక్ డిస్ట్రిక్ట్ అంచున చిన్న పల్లెటూరు, గ్రేంజ్ ఓవర్ సాండ్స్ స్టేషన్లో దిగి టాక్సీలో వెళ్ళాలి. అక్కడ లాంక్లూమ్ అనే రెస్టారెంటు ఉంది, బస గదులు కూడా వాళ్ళవే. ఆ పేరుకి ఫ్రెంచిలో దాగలి అని అర్థం, ఎందుకంటే అది ఒకప్పుడు కమ్మరి కొలిమి. సైమన్ రోగన్ అనే వంటమాస్టరు 2002లో మొదలుపెట్టాడు, 2022లో మూడో స్టారు వచ్చింది. కూరగాయలు చాలావరకు వాళ్ళ పొలంలోవే. మా నాన్న ఆ పాత రాతిగోడలు తడిమి చూసి, మా తాతగారి ఊళ్ళో నాగలి కర్రులు సాగదీయించుకోడానికి వెళ్ళిన కొలిమి గురించి చెప్పడం మొదలుపెట్టారు, నేను అంతకుముందు ఎప్పుడూ వినని కబుర్లు. ఖర్చు ఎక్కువే, దాచిపెట్టను. అక్కడ తినలేకపోయినా ఆ ఊరు వెళ్ళు, స్టికీ టాఫీ పుడ్డింగుకి ఆ ఊరు ప్రసిద్ధి, ఖర్జూరాలతో చేసే స్వీటు, మన బెల్లం పాకం ఇష్టపడేవాళ్ళకి నచ్చి తీరుతుంది, గుడ్డు మాత్రం ఉంటుంది, అమ్మకి చెప్పి పెట్టు. రైలు టికెట్లు ముందే కొను. అమ్మానాన్నలకి 60 దాటి ఉంటే పాస్‌పోర్టు చూపించి సీనియర్ రైల్‌కార్డు తీసుకోవచ్చు, చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది.

డబ్బు సంగతి రెండు ముక్కలు. బుక్ చేసేటప్పుడు కార్డు వివరాలు తీసుకుంటారు, రాకపోతే తలకి ఇంత అని కోస్తారు, ఎప్పటిలోపు రద్దు చేసుకోవచ్చో చదువు. బిల్లులో చాలాచోట్ల 12.5 శాతం సర్వీసు ఛార్జి వేసి ఉంటుంది, మళ్ళీ పైన టిప్పు ఇవ్వక్కర్లేదు. 2024 అక్టోబరు నుంచి ఆ డబ్బంతా పనివాళ్ళకే ఇవ్వాలని చట్టం వచ్చింది, కాబట్టి బాగా చూసుకుంటే సంతోషంగా ఇవ్వు. నీళ్ళు అడిగినప్పుడు టాప్ వాటర్ అని చెప్పు, అది ఉచితం. బిల్లు మాత్రం టేబుల్ దగ్గరికి రానివ్వకు. చేతులు కడుక్కొస్తానని లేచి వెళ్ళి కట్టేసి రా. నాన్నగారు పౌన్లని రూపాయల్లోకి మార్చి చూశారంటే తిన్నది అరగదు.

టేస్టింగ్ మెనూ మూడు గంటలు సాగుతుంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళయితే మొదటి ప్లేటు ఎప్పుడొస్తుందో అడిగి అప్పుడు వేయించు. ఫోర్కు, కత్తితో అమ్మ ఇబ్బంది పడుతుంటే చెంచా ఒకటి అడిగి ఇప్పించు, ఎవరూ ఏమీ అనుకోరు. చేత్తో తినే పెద్ద హోటల్ కావాలంటే తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో దిగినప్పుడు ఐటీసీ మౌర్య హోటల్లో బుఖారా అనే రెస్టారెంటు ఉంది, అక్కడ ఏప్రాన్ కట్టి చేత్తోనే తినమంటారు, రాత్రంతా నిప్పుల మీద ఉడికిన మినప్పప్పు పెడతారు. ఆవకాయ సీసా మాత్రం బ్యాగులోనే ఉండనీ, రాత్రి గదికొచ్చాక పెరుగన్నంలో వేసుకోవచ్చు.

ఇంకొకటి. లేచేముందు ఆ రోజు మెనూ కార్డు ఒకటి ఇమ్మని అడుగు, వంటమాస్టరు సంతకం పెట్టి ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. కార్ట్‌మెల్‌ది మా నాన్న బీరువాలో ఇంటి పత్రాల మధ్య పెట్టుకున్నారు, మొన్న పండక్కి వచ్చిన చుట్టాలందరికీ తీసి చూపించారు. వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు, నువ్వే గుర్తుపెట్టుకుని అడగాలి.